శిఖరము సరే, దారి యేది?

పర్వతారోహకులు వ్రాసిన గ్రంథములపై నాకు పదిదినములుగా రగులుచున్న కోపము ఇంకను చల్లారలేదు. కడపటి రెండువందల అడుగులలో ఏ మంచుపెళ్ళ ఎచ్చట విరిగినదో, ఏ మేకు ఏ నెఱియలో దిగినదో, ఏ చేతి చిటికెనవ్రేలు ఎంతసేపు తిమ్మిరెక్కినదో ముప్పది పుటలు వర్ణించు నా మహానుభావులు, ఆ కొండ మొదటికి మనుష్యమాత్రుడెట్లు చేరవలెనో చెప్పవలసిన ఘట్టము వచ్చునప్పటికి, 'గంగోత్రి మీదుగా తపోవనము చేరితిమి' అని యొక్క వాక్యముతో చేతులు దులుపుకొందురు. ఆ యొక్క వాక్యమున నా మోకాళ్ళు రెండును, క్రొత్త బూట్లజోడును, మేనల్లునితో నాకుగల సత్సంబంధమును సమాధియైనవి.

మేనల్లుడు కొండలెక్కువాడు. 6,543 మీటర్ల శివలింగ శిఖరమును ఈ యేడు క్రిందినుండి చూచుకొని, వచ్చే యేడు ఎక్కవలెనని వాని సంకల్పము. పెద్దవాడొకడు వెంటనున్నచో తనకు ధైర్యమని మా చెల్లెలి సంకల్పము. "దారి స్పష్టంగా ఉంటుందట మామయ్యా, పుస్తకంలో రాశారు" అని వాడు ఇంటివద్దనే అభయమిచ్చెను.

ఉత్తరకాశి దాటి రెండు గడియలైనను గాకముందే జీపు ఆగెను. కొండచరియ రోడ్డుమీదికి దిగివచ్చియున్నది. మేము కొండను చూడబోవుచుండగా, మర్యాదకు కొండయే మాకెదురు వచ్చినట్లుండెను. ఐదుగంటలసేపు ఆ మర్యాద ననుభవించితిమి. డ్రైవరు మాత్రము టోపీ ముఖముపైకి లాగుకొని హాయిగా నిద్రించెను. ఆ రోడ్డునకు కాలపట్టిక తెలిసినవాడు వాడొక్కడే.

గంగోత్రినుండి దినమునకు 150 మందికి మించి, మంచునది ముఖమగు గోముఖమువైపు పోనీయరు. అనుమతిపత్రము సంపాదించి నడచితిమి. తొమ్మిది కిలోమీటర్లకు చీర్‌బాసా, పదునాలుగింటికి భోజ్‌బాసా. అంతవరకు బాట నిజముగనే స్పష్టము. అచ్చట తీగపై వ్రేలాడు తొట్టెలో కూర్చుండి, క్రింద భాగీరథి గర్జించుచుండగా, చిన్ననాడు వచ్చిన స్తోత్రములన్నియు జ్ఞప్తికి తెచ్చుకొనుచు ఆవలియొడ్డు చేరితిమో లేదో, బాట మాకు నమస్కరించి సెలవు పుచ్చుకొనెను.

ఆవలయంతయు రాళ్ళే. ఆ రాళ్ళలో దారికి గురుతును రాళ్ళే: పెద్దరాతిపై నడిమిరాయి, దానిపై చిన్నరాయి పేర్చిన గూళ్ళు. ముందుపోయినవాడు వెనుకవచ్చువానికై పేర్చిపోవు ఈ సంకేతము నాకునుం దెలియును. కాని తిరుమల కొండపై శ్రీవారి పాదముల చెంత, సొంతయిల్లు కట్టించు స్వామీ యని రాళ్ళు పేర్చి మ్రొక్కుకొను జనములోనుండి వచ్చినవాడను. మూడు రాళ్ళు ఒకదానిపై నొకటి కనబడినచో అది మార్గమో, ఎవరి గృహసంకల్పమో నేనెట్లు నిర్ణయింపగలను? మొదటి గూటివెంట పోగా రెండవది కనబడెను. రెండవదానివెంట పోగా మూడవది. నాలుగవది, అంతకు మించి గాలి తప్ప మరేమియు లేని యొక వాలు చివర వెలసియుండెను. ఏడంతస్తులది. అడుగున పునాదికి తగిన వెడల్పురాళ్ళు, పైకిపోయినకొలది సన్నములు, ప్రక్కన కారు నిలుపుకొనుటకా యన్నట్లు విడిగా నొక చదునురాయి.

"ఇది దారి గుర్తు కాదేమో మామయ్యా" అనెను మేనల్లుడు.

"కాదురా, అపార్ట్‌మెంటు" అంటిని.

వచ్చినవాడను వచ్చినట్లు వాస్తువును సరిచూచితిని. ఈశాన్యమున నీరుండవలెనందురు గదా, ఈశాన్యమున సాక్షాత్తు భాగీరథియే ప్రవహించుచున్నది. ఇంతటి స్థలము హైదరాబాదులో కోటిరూపాయలు పోసినను దొరకదు. ఆ భక్తునకు ఇల్లు సిద్ధించెనో లేదో గాని, మాకు రెండుగంటల కాలమును ఒక నీటిసీసాయు ఖర్చయ్యెను. దారి తప్పించు గూళ్ళను కూల్చివేయుదమని మేనల్లుడు వంగగా, ఏది దారియో తెలియనిచోట ఒకరి కొంప కూల్చిన పాపము మనకేల యని వారించితిని.

కొండలెక్కినవారి చరిత్రయే నా పక్షమున సాక్ష్యమిచ్చును. నందాదేవి మొదలు చేరవలెనని 1883లో గ్రహాము ఋషిగంగ లోయలో ప్రవేశించి మరలివచ్చెను. తరువాతివారు మరికొందరు దానిని చుట్టియున్న కొండల గోడలను తాకి వెనుదిరిగిరి. తుదకు 1934లో షిప్టను, టిల్మనులు ముగ్గురు షెర్పాలతో లోపల నడుగిడిరి. మరి 7,816 మీటర్ల ఆ శిఖరము నెక్కినదెన్నడు? 1936లో. పాదములు చేరుటకు ఏబదియొక్క సంవత్సరములు, పాదములనుండి శిరస్సునకు రెండు! న్యాయముగ ముప్పది పుటలు దేనికి దక్కవలెను? మన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, ఏ మజిలీకి ఎన్ని యామడలో, ఏ దారి గులకయో ఏది యిసుకయో, ఎచ్చట ఏ సామాను దొరకునో వ్రాసిపెట్టిరి. దారి చెప్పుట గంగాస్నానమునకు తక్కువ పుణ్యము కాదని ఎరిగినవారు.

ఇట్లు తిట్టుకొనుచు ఇల్లు చేరి, ఆ పుస్తకము మరల తిరుగవేసి, అచ్చువేసిన యేడు చూచితిని. ఆ గ్రంథకర్త గోముఖము మీది మంచును దాటి పోయినవాడు. 1935 నాటికిని నేటికిని ఆ గోముఖము కిలోమీటరుకు పైగా వెనుకకు జరిగిపోయినది. మంచు చిట్లి, ఆ బాట చెడి, తీగయు తొట్టెయు పిదప వచ్చినవి. ఆయన అబద్ధమాడలేదు. ఆయన చెప్పిన దారియే ఆయన మాటను విడిచి వెళ్ళినది.

నిన్న సాయంకాలము వీధియరుగుపై కాళ్ళకు తైలము రాచుకొనుచుండగా, ఎవరో పిల్లవాడు సైకిలు దిగి తపాలా కార్యాలయమునకు దారి యడిగెను. "తిన్నగా పో నాయనా, చింతచెట్టు దగ్గర కుడిచేతివైపు తిరుగు, స్పష్టంగా కనబడుతుంది" అంటిని. వాడు నమస్కరించి పోయెను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ చెట్టును కొట్టివేసి ఇరువదియేండ్లయినదని తోచి, నేను మోకాళ్ళు పట్టుకొని వీధిలోనికి దిగునప్పటికి, వాడు మలుపు దాటిపోయియుండెను.