సకినాల నూనెలో ఉక్కు

ధర చీటీ తగిలించి ఉన్న వస్తువు ఏది చూసినా నాకో జబ్బు తిరగబెడుతుంది. "దీనికింత పోయాలా? నేనే చేసుకోలేనా?" అంటూ లోపల ఎవరో లేచి కూర్చుంటాడు. మీకూ ఉండే ఉంటుంది, దాచకండి. ఇంజనీరింగు చదివిన మగాళ్ళలో ఇది కాస్త ముదిరి ఉంటుందంతే. నేను హైదరాబాదులో మెకానికల్ చదివాను. లోహశాస్త్రంలో క్లాసు ఫస్టు. ఆ తర్వాత మనవాళ్ళ ఆనవాయితీ ప్రకారం, చదివినదాన్ని ఒక్క పూటైనా వాడకుండా సాఫ్ట్‌వేరులో దూకి అమెరికాలోని అయోవా రాష్ట్రంలో తేలాను.

అయోవా అంటే మొక్కజొన్న. మా పెరటి కంచె దాటితే ఒక ముసలి రైతు పొలం. చలికాలం రాగానే ఆయన ఉచ్చులు బయటికి తీస్తాడు. మొక్కజొన్న కంకులు పీకి పారేసే రకూన్లూ, గొర్రెపిల్లల మీద కన్నేసే కయోటీలూ ఆయన గిరాకీ. మన దేశంలో ఇలాంటి పని చేస్తే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తిన్నగా జైలుకి దారి చూపిస్తుంది. అయోవాలో లైసెన్సు ఇస్తారు, సీజను పెడతారు. ప్రతి ఉచ్చుకీ యజమాని పేరూ చిరునామా ఉన్న లోహపు బిళ్ళ ఉండాలి, నేలమీద పెట్టిన ఉచ్చుని ఇరవై నాలుగు గంటలకోసారి చూసి రావాలి. ఆ పని తప్పా ఒప్పా అన్నది వేరే పంచాయతీ. నా బుద్ధి గడ్డి తిన్నది మాత్రం ఉచ్చుని నేలకి కట్టేసే మేకు దగ్గర.

ఆ మేకు సంగతి చెప్పకపోతే నా తెలివితక్కువతనం పూర్తి రుచి మీకు తెలియదు. కాలు చిక్కిన కయోటీ వదలకుండా గుంజుతూనే ఉంటుంది. మేకు ఊడిందంటే ఉచ్చుతో సహా పారిపోతుంది. ఉచ్చు ఖరీదు పోతే పోయింది, కాలికి ఇనుము తగిలించుకుని ఆ మూగజీవం ఎక్కడో కుంటుతూ చావడం మహాపాపం. అందుకని ఉచ్చు పెట్టేవాడు ముందు మేకు గట్టిదనం చూసుకుంటాడు. పాత పద్ధతిలో అయితే స్లాబుల్లో వేసే అర అంగుళం చువ్వని మోకాలెత్తు ముక్కలుగా కోసి దిగ్గొడతారు. నేల గుల్లగా ఉంటే రెండు చువ్వల్ని ఏటవాలుగా, ఒకదానికొకటి అడ్డంగా కొడతారు. పట్టు బాగానే ఉంటుంది గానీ మోసేవాడి భుజం పడిపోతుంది, సీజను అయ్యాక పెరకడానికి ప్రాణం పోతుంది.

అందుకని చాలామంది కేబుల్ లంగరుకి మారారు. వేలెడంత లోహపు ముక్క, దానికి మూరెడు ఉక్కు తాడు. ముక్క వెనక చిన్న గుంట. ఆ గుంటలో పొడుగాటి ఉక్కు కడ్డీ మొన దూర్చి, కడ్డీ తల మీద సుత్తితో బాదితే లంగరు భూమిలోకి దిగుతుంది. కడ్డీని పైకి లాగేసి తాడుని గట్టిగా గుంజితే లోపల లంగరు అడ్డం తిరుగుతుంది, కాజాలోంచి దూరిన చొక్కా గుండీ అవతల అడ్డంపడి నిలిచినట్టు. ఇక దాన్ని పెకలించడం ఏ కయోటీ తాతతరమూ కాదు. లంగర్లు ఎన్ని ఉన్నా దిగ్గొట్టే కడ్డీ ఒక్కటే. సీజనంతా పడే దెబ్బలన్నీ అదే తినాలి.

ఒక సాయంత్రం పెద్దాయన కంచె పక్కన నిలబడి వంకరపోయిన కడ్డీని తిప్పి చూసుకుంటూ, "కొత్తది తెప్పించాలి" అన్నాడు.

అంతే, నా లోపలివాడు లేచాడు.

"కొనడమెందుకు? నేను చేసిస్తాను" అన్నాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మాది నిజామాబాదు జిల్లా అని మొదలుపెట్టాను. డమాస్కస్ కత్తులకి ఉక్కు మా జిల్లా కోనసముద్రం నుంచి కూడా పోయిందన్నాను. ఫారడే అంతటివాడు 1819లో మన ఉక్కుని పరీక్షించి వ్యాసం రాశాడన్నాను. ఇవన్నీ నిజాలే. కోనసముద్రం కొలిముల ఘనతకీ, కీబోర్డు తప్ప ఏదీ కొట్టి ఎరగని నాకూ ఏమిటి సంబంధం అని ఆయన అడగలేదు. చలికి చెవులు లాగుతున్నా ఓపిగ్గా విని, "సరే, చెయ్యి చూద్దాం" అన్నాడు.

మొదటి కడ్డీ స్లాబు చువ్వతో చేశాను. మొనని గ్రైండరు మీద లంగరు గుంటకి సరిపోయేలా సన్నం చేశాను. రంగు కూడా వేశాను, ఎర్రది. ఎండి బిగిసిన బంకమట్టిలో నాలుగు దెబ్బలు పడగానే చువ్వ నడుం వంచింది. అది పెద్ద బాధ కాదు. అసలు సంగతి పైకి లాగితే తెలిసింది. మెత్తటి ఇనుము కదా, దెబ్బలకి మొన చితికి, ఉబ్బి, గుంటలో బిగుసుకుపోయింది. కడ్డీతో పాటు లంగరు కూడా బుద్ధిగా పైకి వచ్చేసింది. నేలలో ఉండిపోవాల్సినదాన్ని నేలలోంచి పీకే సాధనం కనిపెట్టానన్నమాట.

పెద్దాయన ఏమీ అనలేదు. అననివాళ్ళతోనే వస్తుంది చిక్కు. తిట్టి ఉంటే అక్కడితో ఊరుకునేవాణ్ణి.

ఇనుము మెత్తనైతే గట్టి ఉక్కు తెద్దామనుకున్నాను. పాత ఇనుప సామాన్ల దుకాణంలో ట్రక్కు కాయిల్ స్ప్రింగు ముక్క దొరికింది. మా ఊళ్ళో కమ్మరి తాత లారీ కమాన్ పట్టీలతోనే కొడవళ్ళు చేసేవాడు, కాబట్టి ఎంపికలో తప్పు లేదు. బొగ్గులు రాజేసి, మా ఆవిడ హెయిర్ డ్రయ్యరుని తిత్తి కింద వాడి, స్ప్రింగుని ఎర్రగా కాల్చి, సాగదీసి నిటారు చేశాను. మొనని చల్లబడ్డాక గ్రైండు చేశాను. ఇక గట్టిదనం ఎక్కించాలి. అందుకు మళ్ళీ ఎర్రగా కాల్చి నూనెలో ముంచాలి. ఉక్కు 770 డిగ్రీలు దాటితే అయస్కాంతానికి అంటుకోదు, ఇంకాస్త కాలిస్తే ముంచడానికి సిద్ధమైనట్టు. ఇదంతా నాకు నోటికి వచ్చు. నోటికి రానిది ఒక్కటే, నూనె ఎక్కడ తేవాలన్నది.

వంటింటి అలమరలో పల్లీనూనె డబ్బా కనబడింది. నిండు డబ్బా. గరాజులో ఇనప బకెట్లోకి ఒంపాను. కడ్డీని కొలిమిలోంచి తీశాను. అయస్కాంతం అంటుకోలేదు, ఆహా అనుకున్నాను. మొనని నూనెలో పెట్టాను, బుస్సుమంది, ఇంకాస్త దించాను, నూనె పైనున్న ఎర్రటి భాగం సెగకి ఆవిరి అంటుకుంది, భగ్గుమని మంట లేచింది, కనుబొమ్మలు చిటపటమన్నాయి, వెనక్కి జరిగాను, కాలు తగిలి బొగ్గుల పళ్ళెం దొర్లింది, పొగ ఇంట్లోకి పోయింది, పొగ అలారం కూయడం మొదలుపెట్టింది, నేను పరమవీరుడిలా కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాను, వదిలితే పదును పాడవుతుందని. మా ఆవిడ సకినాల మూకుడు మూత పట్టుకొచ్చి బకెట్ మీద బోర్లించింది. మంట ఆరిపోయింది. గరాజంతా పండగ వాసన.

"గది సకినాల కోసం దాచిన నూనె" అంది. "సంక్రాంతికి దేంట్ల కాల్చాలె?"

"ఉక్కు..." అన్నాను.

"ఉక్కు దింటరా?"

నేను జవాబు చెప్పకుండా కడ్డీ మొన మీద ఆకురాయి పెట్టి రుద్దాను. ఆకురాయి పళ్ళు దిగకుండా జర్రున జారిపోయింది. గాజంత గట్టిపడింది. కనుబొమ్మలు సగమే ఉన్న ముఖంతో చూడాలి మీరు నా గర్వం! రాత్రి అది పక్కలో పెట్టుకుని పడుకోలేదన్న మాటే గానీ, లేచి వెళ్ళి చూసి వచ్చిన మాట నిజం.

తెల్లారి నేలమీద మంచు పేరుకుని ఉంది. పెద్దాయన లంగరు అమర్చాడు. మొదటి దెబ్బ నేనే కొడతానని సుత్తి లాక్కున్నాను. "కళ్ళద్దాలు పెట్టుకో" అన్నాడాయన. పెట్టుకున్నాను. కొట్టాను.

టిక్.

పెద్ద చప్పుడు కూడా లేదు. కడ్డీ చేతిలో ఉంది, మొన లంగరులో ఉంది, మధ్యలో ఏమీ లేదు.

పెద్దాయన విరిగిన కొసని వెలుతురుకి పట్టి చూశాడు. బూడిదరంగులో, పంచదార పలుకుల మెరుపు. "ముంచాక మళ్ళీ వేడి చెయ్యలేదు కదూ?" అన్నాడు. తర్వాత విరిగినచోటు గోటితో చూపించాడు. లావు కడ్డీ సన్నటి మొనగా మారేచోట నేను గ్రైండరుతో నిక్కచ్చిగా తొంభై డిగ్రీల మెట్టు కోశాను. దెబ్బ బలమంతా ఆ మూలకే వచ్చి పోగవుతుంది. అక్కడ వంపు తిప్పి నునుపు చెయ్యాలి. ఇంకోటి కూడా చెప్పాడు. సుత్తి తగిలే తలని గట్టిపరచకూడదు, మెత్తగానే ఉంచాలి, అంచులు చెక్కాలి. గట్టి తల, గట్టి సుత్తి కొట్టుకుంటే పెళ్ళ లేచి కంట్లోకి వస్తుంది. కళ్ళద్దాలు ఎందుకు పెట్టించాడో అప్పుడు అర్థమైంది. నా పనితనం చూడగానే ఆయనకి తెలిసిపోయింది, నా ముఖం చూసి ఊరుకున్నాడు.

ఇందులో సిగ్గుపడాల్సిన అసలు ముక్క ఇంకా చెప్పలేదు. నూనెలో ముంచిన ఉక్కు పెళుసుగా ఉంటుందనీ, దాన్ని మళ్ళీ మితంగా వేడి చేస్తేనే దెబ్బకి ఓర్చుకుంటుందనీ నాకు తెలుసు. దాన్ని టెంపరింగ్ అంటారు. ఎందుకు చెయ్యాలని పరీక్షలో అడిగితే బొమ్మతో సహా రాసి పూర్తి మార్కులు కొట్టేశాను. మరి ఎందుకు చెయ్యలేదు? ఎందుకంటే అందులో మంట లేదు, బుస్సు లేదు, చూసేవాళ్ళకి చూపించడానికి ఏమీ లేదు. చిన్నప్పుడు కమ్మరి తాత కొలిమి దగ్గర కూడా అంతే. ఎర్రటి కొడవలి నీళ్ళలో పడి సుయ్యిమనే దాకా కళ్ళార్పకుండా నిలబడి, ఆ వెంటనే ఇంటికి పరుగెత్తేవాణ్ణి. ఆయన మాత్రం అంచు వరకే ముంచి తీసి, ఇటుక ముక్కతో రుద్ది తెల్లగా చేసి, వీపు వైపు మిగిలిన వేడి అంచుకి పాకుతుంటే గడ్డిరంగు వస్తోందా, ఊదా వస్తోందా అని కనిపెట్టి కూర్చునేవాడు. సరైన రంగు రాగానే మళ్ళీ నీళ్ళలో. పనంతా ఆ కూర్చోవడంలో ఉంది. నేను చూసింది సుయ్యిమనడమే. మనలో చాలామందిమి అంతే కదా. గృహప్రవేశం ఘనంగా చేస్తాం, గోడలకి నీళ్ళు పెట్టేది మేస్త్రీ.

ఇంకో కడ్డీ చేశాను. మిగిలిన స్ప్రింగు ముక్కతోనే. మొన దగ్గర వంపు తిప్పాను. ముంచడానికి నూనె సొంత డబ్బులతో వేరే కొన్నాను, గరాజు తలుపు తెరిచి, ఇనప మూత పక్కన పెట్టుకున్నాను. ముంచాక మొనని తెల్లగా రుద్ది, పెద్దాయన చెప్పినట్టు వెనకవైపు నుంచి సన్నగా సెగ పెట్టాను. ముందు గడ్డిరంగు, తర్వాత గోధుమ, తర్వాత ఊదా, ఆపైన నీలం వచ్చాయి. సుమారు 300 డిగ్రీలు. అక్కడ ఆపాను. తలని గట్టిపరచకుండా మెత్తగానే వదిలేశాను. తిప్పి లాగడానికి అడ్డంగా ఒక పిడి కూడా పెట్టాను. పెద్దాయన సీజనంతా దాన్నే వాడాడు. లెక్క చూసుకుంటే రెండు నూనె డబ్బాలు, హెయిర్ డ్రయ్యరు, బొగ్గులు, ఆయన పోగొట్టుకున్న లంగర్లు కలిపి, ఆ డబ్బుతో రెడీమేడ్ కడ్డీలు ఊరందరికీ పంచొచ్చు.

ఈ అనుభవంతో నా జబ్బు కుదిరిందని మీరనుకుంటే మీ మంచితనం. కడ్డీ ఫోటో తీసి మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఒకడు "టెంపరింగ్ చేశావా?" అని అడిగాడు. ఉక్కుని ముంచి వదిలేసేవాళ్ళు మూర్ఖులనీ, రంగు చూసి ఆపడంలోనే పనితనం ఉందనీ, మన కమ్మరులకి ఇది తరతరాల విద్య అనీ మూడు స్క్రీన్లు నిండేలా రాశాను. అందరూ బొటనవేళ్ళు చూపించారు. విరిగిన మొన సంగతి అక్కడ రాయలేదు. మీకు మాత్రమే చెప్పాను. ఆ గ్రూపులో మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే, దయచేసి వాళ్ళతో అనకండి.