యోరిక్ వేషం

చికాగోలో కామెడీతో బతుకుదామని వచ్చే కుర్రాళ్ల దారి ఇంచుమించు ఒకటే. పగలు ఏ హోటల్లోనో బల్లలు తుడవడం, సాయంత్రం ఫీజు కట్టి ఆశువుగా ఆడే నాటకం, అంటే ఇంప్రొవ్ క్లాసుకి పోవడం, రాత్రి పైసా రాని స్టేజీ మీద ఆడడం. అదృష్టం బాగుంటే 1959 నుంచి నడుస్తున్న సెకండ్ సిటీ అనే కామెడీ థియేటర్ వాళ్లు జీతమిచ్చి తీసుకుంటారు. న్యూయార్క్ నుంచి 'సాటర్‌డే నైట్ లైవ్' అనే టీవీ కామెడీ షో పిలుపొస్తే ఇక దశ తిరిగినట్టే. అలా దశ తిరిగిన జాన్ బెలూషీ, బిల్ మరే, క్రిస్ ఫార్లీ, మైక్ మయర్స్ లాంటివాళ్లకి పాఠం చెప్పిన గురువు డెల్ క్లోజ్.

గురువుగారి దశ మాత్రం తిరగలేదు. సినిమాల్లో దొరికినవి చాలావరకు చిల్లర వేషాలే. ఒకదాంట్లో ఇంగ్లీషు మాస్టారు, 'ది అన్‌టచబుల్స్'లో లంచం ఇవ్వబోయే రాజకీయ నాయకుడు. రెండూ రెప్పపాటులో అయిపోతాయి.

ఆయన పెంచిన పద్ధతి పేరు 'హెరాల్డ్'. మన అవధానికి పృచ్ఛకుడు సమస్య విసిరినట్టు ప్రేక్షకుడెవరో ఒక మాట విసురుతాడు. దాన్ని పట్టుకుని ఓ జట్టు అరగంట సేపు, ముందు రాసుకున్నదేమీ లేకుండా ఆడాలి. ఇంప్రొవ్‌లో అందరికీ తెలిసిన సూత్రం ఒకటుంది: ఎదుటివాడు అన్నది కాదనకూడదు, ఒప్పుకుని దానిమీద ఇంకొకటి వేయాలి. "డాక్టరుగారూ, మీ చెయ్యి కాలిపోతోంది!" అని వాడంటే, "ఎక్కడ కాలుతోంది?" అన్నావో, ఆట అక్కడితో సరి. "అవునమ్మా, అందుకే ఈవేళ చీటీ నువ్వే రాసుకోవాలి" అనాలి.

తోటి గురువు, థియేటర్ నడిపిన చార్నా హాల్పెర్న్‌తో కలిసి 1994లో ఆయన ఓ పుస్తకం కూడా తెచ్చాడు. పేరు 'ట్రూత్ ఇన్ కామెడీ'. హాస్యం నిజంలోంచే పుట్టాలని ఆయన పట్టు.

1999 మార్చి నాటికి ఊపిరితిత్తులు పూర్తిగా చెడి ఆస్పత్రిలో ఉన్నాడు. 65వ పుట్టినరోజు దగ్గర్లోనే ఉంది. అప్పటిదాకా ఉండడని తెలిసి శిష్యులు ఆస్పత్రిలోనే పార్టీ చేశారు, మర్నాడు, పుట్టినరోజుకి అయిదు రోజుల ముందు, పోయాడు. వీలునామా చూస్తే వింత కోరిక ఒకటి: తన పుర్రెని గుడ్‌మన్ థియేటర్‌కి ఇవ్వాలి, వాళ్లు 'హామ్లెట్' ఆడినప్పుడు అది యోరిక్ వేషం వేయాలి, పాత్రధారుల జాబితాలో తన పేరుండాలి.

యోరిక్ రాజుగారి విదూషకుడు. నాటకం మొదలయ్యేసరికే పోయి చాలా ఏళ్లవుతుంది కాబట్టి పుర్రెగా తప్ప స్టేజీ మీదికి రాడు. డైలాగు లేదు, అయినా లోకమంతటికీ తెలిసిన వేషం. బతికుండగా దొరకని పెద్ద వేషాన్ని చచ్చాక పట్టాడన్నమాట.

ఆ జులైలో హాల్పెర్న్ వెల్వెట్ దిండు మీద పుర్రెని తీసుకొచ్చి గుడ్‌మన్ వాళ్లకి అప్పగించింది. పత్రికలన్నీ మురిసిపోయి రాశాయి.

ఏడేళ్ల తర్వాత 'చికాగో ట్రిబ్యూన్'కి అనుమానమొచ్చింది. పుర్రెకి పళ్లున్నాయి. డెల్ క్లోజ్ పోయేనాటికి నోట్లో ఒక్క పన్ను లేదు, ఉన్నదల్లా కట్టుడు సెట్టే. పైగా పుర్రెకి బిగించిన స్క్రూలు తుప్పు పట్టి ఉన్నాయి. నాలుగు నెలలు తిరక్కుండానే హాల్పెర్న్ 'న్యూయార్కర్' పత్రిక దగ్గర ఒప్పేసుకుంది. తల తీసివ్వడానికి డాక్టర్లు ఒప్పుకోలేదట. అప్పటికి ఆయన తలతో సహా చితాభస్మమై ఆవిడ థియేటర్‌లోనే ఉన్నాడట. గుడ్‌మన్‌కి చేరింది వైద్య విద్యార్థులకి ఎముకలు అమ్మేచోట కొన్న పుర్రె. జతగాడు అన్న మాట కాదనకూడదు కదా, ఆవిడ ఒప్పుకుని దానిమీద ఇంకొకటి వేసింది! డెల్ ఉంటే పడీ పడీ నవ్వేవాడని శిష్యులూ అనుకుని ఉంటారు.

మరి ఆ పళ్లున్నాయన ఎవరు? పేరు లేదు, ఊరు లేదు. అయితే 1985లో మన ప్రభుత్వం ఎగుమతి ఆపేదాకా అమెరికాలో వైద్యవిద్యకి అమ్మిన అస్థిపంజరాల్లో, పుర్రెల్లో ఎక్కువ భాగం మన దేశానివే. దిక్కులేని శవాలని, శ్మశానాల్లో తవ్వి తీసినవాటిని కలకత్తాలో ఉడికించి, తోమి, ఓడలెక్కించేవారు. పుర్రెకి తుప్పు పట్టిన స్క్రూలున్నాయంటే పాత సరుకే. ఏడేళ్లు చికాగోలో డెల్ క్లోజ్ వేషం కట్టినవాడు మనవాడే అయ్యుండొచ్చు.

పైసా పుచ్చుకోలేదు. పళ్లు మాత్రం సొంతవి.