చిన్నాయనకు, పెట్రోలు వాసనతో

కౌలీ, ఆక్స్‌ఫర్డ్

చిన్నాయనా, ఇంట్లో అందరం బాగున్నాం, కారుకే ఒంట్లో బాగలేదు. ఫోన్లో చెప్తే నువ్వు సగం విని, "సబ్బు రుద్దురా" అని పెట్టేస్తావు. అందుకే ఈ జాబు. కడదాకా చదివినాకే నీ అంబాసడర్ తాళం ముట్టుకో.

నేను కొన్నది మోరిస్ మైనర్. 1960ల నాటి బండి. ముందు నుంచి చూస్తే పెళ్ళిభోజనం చేసి అరుగు మీద కునికిపాట్లు పడే పెద్దమనిషి మొహం. కొత్త కారు కొనలేకనా అని చిన్నమ్మ అడిగిందంట. కొనలేకే. పైగా ఈ దేశంలో నలభై ఏళ్ళు దాటిన పాత బండికి రోడ్డు టాక్సు కట్టే పనిలేదు, ఏటేటా బండి ఫిట్‌నెస్ చూసే ఎంఓటీ పరీక్ష కూడా తప్పనిసరి కాదు. మన దగ్గర పదిహేనేళ్ళు నిండితే చాలు, రిజిస్ట్రేషన్ కోసం మళ్ళీ తోలుకుపోయి చూపించాల. ఇక్కడ బండి ముసలిదయ్యేకొద్దీ మర్యాద పెరుగుతుంది. మనుషులకు కూడా అట్లాగే ఉంటే బాగుండు.

నీకు తెలుసో లేదో, నీ అంబాసడర్‌ పుట్టిల్లు ఈ ఊరే. సైకిళ్ళు బాగుచేసుకుని బతికిన విలియం మోరిస్ 1913లో ఇక్కడ కార్లు కట్టడం మొదలుపెట్టినాడు. తర్వాత లార్డ్ నఫీల్డ్ అయి, 1937లో యూనివర్సిటీకి ఒక కాలేజీనే పెట్టించినాడు. మన బజారులో పంక్చర్లేసే పిల్లోణ్ణి ఇంకమీదట కాస్త చూసి తిట్టు. 1956లో ఇక్కడ చేసిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసే మరుసటేడు కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో, హిందుస్థాన్ మోటార్స్ చేతిలో అంబాసడర్ అయింది. వీళ్ళు 1959కే ఆ మోడలుకు దండం పెట్టేస్తే, మనోళ్ళు 2014 మే దాకా లాగినారు. ఈ కౌలీలో ఇప్పుడు బీఎండబ్ల్యూ వాళ్ళు మినీ కార్లు చేస్తున్నారు. ఏతావాతా నీ బండీ నా బండీ దాయాదులు. జబ్బు కూడా వంశపారంపర్యమే.

ఆ జబ్బేందంటే, బానెట్ తెరిస్తే బంకులో నిలబడినట్టు వాసన. ఈ బండికి పెట్రోలు పంపు కరెంటుది, ఎస్‌యూ కంపెనీది, ఇంజను వెనక గోడకు బిగించి ఉంటుంది. తాళం తిప్పితే టక్ టక్ టక్‌మని కొట్టి, కార్బొరేటర్ నిండగానే నోరు మూసుకోవాల. ఇంజను ఆన్ చేయకుండానే అది కొడుతూనే ఉందంటే, ట్యాంకు నుంచి వచ్చే పైపులోకి గాలైనా దూరుతుండాల, పంపు దాటినాక పెట్రోలైనా కారుతుండాల. మొదటిదైతే బొట్టు కూడా కనపడదు, ఎందుకంటే ట్యాంకు కింద, పంపు పైన. పీల్చుకునే పైపులో చిల్లు పడితే గాలే లోపలికి పోతుంది. రెండోదైతే ప్రాణగండం. ఈ ఇంజనులో కార్బొరేటర్ కూర్చునేది సరిగ్గా పొగ పోయే ఇనప గొట్టాల పైన. పంపు నుంచి కార్బొరేటర్‌కు పోయే గొట్టం కారిందంటే, బొట్టు పడేది ఎర్రగా కాగిన ఇనుము మీదనే. నాది రెండోదే.

పక్కింట్లో ఒక తెల్ల పెద్దాయన ఉన్నాడు, ఒకప్పుడు ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలోనే పనిచేసినాడు. ఆయన వచ్చి, "క్షమించాలి, మీకు అభ్యంతరం లేకపోతే" అని బండిని అడిగినట్టుగా అడిగి, పంపును చెక్క సుత్తి పిడితో మెల్లగా తట్టినాడు. నువ్వు అదే పంపును వీడియోలో చూసి, "చెప్పు తీసి కొట్టు" అన్నావు. శాస్త్రం ఒకటే. పంపు లోపలి పాయింట్లు మసిపట్టి మొరాయిస్తాయి, అదురు తగిలితే మళ్ళీ పనిచేస్తాయి. కాకపోతే ఆ వైద్యం పంపు ఆగిపోయినప్పుడు. మనకిప్పుడు అది ఆగకపోవడమే రోగం. ఈ మాట ఆయనకూ నీకూ చెప్పలేక మధ్యలో నేను నలిగినాను. నీ తెలుగు ఆయనకు రాదు, ఆయన ఇంగ్లీషు నాకే సగం అర్థమవుతుంది. అయినా మీరిద్దరూ అర్ధగంట మాట్లాడుకున్నారు. చివర్లో నువ్వు పంపును కన్నడంలో తిట్టినావు చూడు, అది మాత్రం ఆయనకు పూర్తిగా అర్థమైనట్టుంది. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు ఆంధ్రకు పోయి, బళ్ళారి ఇటు మైసూరుకు మిగలడం వల్ల మనకు కలిగిన లాభం ఇదొక్కటే: దండం తెలుగులో, తిట్టు కన్నడంలో.

ఇక నీ సబ్బు. నీ మాట కొట్టిపారేయను. సబ్బు పెట్రోలులో కరగదు కాబట్టి, ట్యాంకుకు సూదిమొనంత చిల్లు పడితే గుంతకల్లు దాకా లాక్కొస్తుంది. రబ్బరు గొట్టం పగుళ్ళకు మాత్రం పనికిరాదు. పైగా ఈ ఇంట్లో సబ్బు బిళ్ళే లేదు, అంతా సీసాలో కారే సబ్బు. కారేదాన్ని తెచ్చి కారేదాన్ని ఆపమంటావా? ఎండాకాలంలో పైపులోనే పెట్రోలు ఉడికి ఆవిరై బండి నిలిచిపోతే నువ్వు పంపు మీద తడిగుడ్డ వేస్తావే, ఆ విద్యా ఇక్కడ దండగే. జూలైలో ఆరేసిన గుడ్డ కూడా తడిగుడ్డే.

గొట్టం విప్పి వంచితే బయట నల్లగా నున్నగా ఉంది, లోపల పెళపెళ పగిలి పొడి రాలింది. కారణం ఇథనాల్. చెరకు, మొక్కజొన్న, నూకల నుంచి తీసే సారాయి లాంటిదే. పాతకాలం రబ్బరును అది ఉబ్బించి, గట్టిపరిచి, పగలగొడుతుంది. గాలిలోని తేమను పీల్చుకుని ట్యాంకుకు తుప్పు పట్టిస్తుంది. ఏళ్ళ తరబడి ట్యాంకులో పేరుకున్న జిగురును కడిగి తెచ్చి ఫిల్టర్లో కుక్కుతుంది. ఇక్కడ 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలులో పది శాతం దాకా కలుపుతున్నారు. అయితే పాత బండ్ల కోసం అయిదు శాతం మించని సూపర్ రకం పక్కనే ఉంచినారు, ధర ఎక్కువ. మన దేశం 2030కి అనుకున్న ఇరవై శాతాన్ని 2025కే అందుకుంది. నా బండి అయిదుకే దగ్గుతుంటే, నీది ఇరవై తాగుతోంది చిన్నాయనా. నువ్వేమో డాక్టరు వద్దన్నాడని మానేసి కూర్చున్నావు.

కాబట్టి దసరాకు ఆయుధపూజ చేసి, టైరు కింద నిమ్మకాయ పెట్టేలోపల మేస్త్రీతో ఈ పని చేయించు. మొట్టమొదట బ్యాటరీ వైరు తీయించు, ఇంజను చల్లారనీ, నీ బీడీ వీధి చివర పెట్టుకో. ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా రబ్బరు ఉన్నచోటల్లా మార్పించు. మిగతాది బాగానే ఉందని మేస్త్రీ అంటే నమ్మొద్దు, అన్నీ ఒక వయసువే. గొట్టం మీద ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని అచ్చు ఉండాల. క్లిప్పులు అంచు నున్నగా మడిచినవి తెప్పించు. పట్టీకి గాట్లున్నవి సన్నటి గొట్టాన్ని కోసేస్తాయి. ఆ రకాన్ని కనిపెట్టింది ఇక్కడి నేవీలో పనిచేసిన లమ్లీ రాబిన్సన్, 1921లో. నీళ్ళ పైపుకు మహారాజు, పెట్రోలు గొట్టానికి కసాయి. అంతా అయినాక ఇంజను ఆన్ చేయకుండా కాసేపు చూడు, ఆ తర్వాత ఆన్ చేసి, ప్రతి అతుకు కిందా తెల్ల కాగితం పట్టి చూడు. చేత్తో తడిమి వాసన చూడొద్దు. నీ చేతికి ముప్పయ్యేళ్ళుగా అదే వాసన.

ఆర్9 గొట్టం మూడు మీటర్లు, మంచి క్లిప్పులు డజను, వచ్చే వారం ఊరికొస్తున్న మనోళ్ళ పెట్టెలో పంపుతున్నాను. కొత్తది, పెట్రోలు తగలనిది, కాబట్టి విమానంలో పేచీ లేదు. బదులుగా ఆ పెట్టెలోనే బొరుగులు పంపు. ఇక్కడివి నానబెడితే ఉగ్గాణి కాదు, గంజి అవుతోంది. బజ్జీ మిరపకాయలు వద్దు, కస్టమ్స్ వాళ్ళు పారేస్తారు.

ఇంకొక్క మాట. ఆ గొట్టం చిన్నమ్మ కంటపడకుండా దాచు. కూలర్‌కు నీళ్ళు పట్టే పైపు చిరిగిందని మొన్ననే ఫోన్లో చెప్పింది.

ఇట్లు,
నీ అన్న కొడుకు