చిలక లేని జోస్యం

జేఈఈ ర్యాంకులొచ్చాయంటే తెలుగు ఇళ్లలో చిలక జోస్యం మొదలు. చిలక బదులు ర్యాంకు ప్రిడిక్టర్ యాప్ ఉంటుంది. ర్యాంకు, కేటగిరీ, రాష్ట్రం, ముఖ్యంగా ఫోన్ నంబరు ఇస్తే చీటీ తీస్తుంది: ‘వరంగల్ నిట్ కంప్యూటర్ సైన్స్‌కు అవకాశం 64 శాతం’. మిగతా 36 సంగతేమిటంటే ప్రీమియం ప్లాన్ కొనమంటుంది. సాయంత్రానికల్లా ఏదో ప్రైవేటు యూనివర్సిటీ నుంచి ఫోను: “సార్, బాబుకు మా దగ్గర నూటికి నూరు!”

ఇందులో దేవరహస్యమేమీ లేదు. ఏ సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో, ఐఐటీ, నిట్ సీట్లు కేటాయించే జోసా ఏటా రౌండ్లవారీగా ఉచితంగానే బయటపెడుతుంది. 2024లో ఐఐటీ బాంబే కంప్యూటర్ సైన్స్ ఓపెన్ కేటగిరీలో 68 దగ్గర ముగిసింది. వరంగల్ నిట్‌లో సగం సీట్లు తెలంగాణ పిల్లలవి. ఆంధ్రా పిల్లాడికి ఆ సౌకర్యం తాడేపల్లిగూడెం నిట్‌లో. అంటే జోసా పట్టికలో ఇద్దరూ చూడాల్సిన గడులు వేరు. ఇక కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు ఎన్నైనా పెట్టుకోవచ్చు. రాదనుకున్న సీటును పైన రాసినంత మాత్రాన కిందిది పోదు. ఈ ఒక్క ముక్క తెలియకే చాలామంది నాన్నలు పర్సు తీస్తున్నారు (అమ్మలు వద్దంటూనే ఉన్నారు).

ఇక కన్సల్టెంటు గారు. “సీటు రాకపోతే డబ్బు వాపస్” అని బోర్డు. షరతొక్కటే, ఆప్షన్లు ఆయనే పెడతారు. ఆయన జాబితాలో మొట్టమొదటిది, గతేడాది సీట్లు మిగిలిపోయిన కాలేజీ.