తిత్లీ ఎత్తుకుపోయిన కాగితం

ఓటు కావాలా? అయితే కాగితం తియ్యండి. ఓటరు కార్డు ఉందంటారా? దాచుకోండి, చెల్లదు. ఎన్నికల సంఘం ఇచ్చిన కార్డేగా అంటారా? గమ్మత్తంతా అక్కడే ఉంది. తానిచ్చిన కార్డును తానే నమ్మదట!

2025 జూన్ 24న బీహార్‌లో ఓటర్ల జాబితా ప్రక్షాళన ప్రకటించారు. 11 పత్రాల పట్టీ ఇచ్చారు. అందులో రేషన్ కార్డు లేదు, ఓటరు కార్డు లేదు, ఆధార్ కూడా లేదు. బియ్యానికీ, బ్యాంకుకూ, సిమ్ కార్డుకూ వేలు అరిగేదాకా ముద్రలు వేయించుకున్న ఆధారే! సెప్టెంబరు 8న సుప్రీంకోర్టు చెబితే గానీ పన్నెండో పత్రంగా చేరలేదు. అదీ గుర్తింపు వరకే. పౌరసత్వానికి పనికిరాదట.

సరే, అవే కాగితాలు వెతుక్కుంటూ మన పలాస రండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చింది. కొబ్బరి కూలింది, జీడితోట కూలింది, కప్పులు లేచిపోయాయి. ట్రంకుపెట్టెలో కాగితం తడవకుండా ఉంటుందా? అసలు పెట్టెలో కాగితమంటూ ఉంటే కదా! ఇక్కడ పాతతరం పుట్టుకకు తేదీ ఉండదు. ‘పెద్ద గాలివాన ఏడు పుట్టాడు’ అంటారంతే. ఆధార్‌లో మాత్రం ఊళ్లో చాలామంది జనవరి 1నే పుట్టేశారు. ఆ తేదీ ఎవరు రాశారు? సర్కారు కంప్యూటరు కాదూ?

కిడ్నీ జబ్బుల ఉద్దానంలో పదిలంగా దాచే ఫైలు లేకపోలేదు. క్రియాటినిన్ రిపోర్టుల ఫైలు! దాన్ని పదమూడో పత్రంగా చేరుస్తారా? 2004 డిసెంబరు 2 తర్వాత పుట్టిన పిల్లాడు తనతోపాటు అమ్మానాన్నలిద్దరి పత్రాలూ తేవాలని బీహార్ నిబంధన. కిడ్నీ జబ్బుతో నాన్న కాలంచేసిన ఇంట్లో ఏం తెస్తాడు? మరణ ధ్రువపత్రమా? బతికుండగా మంచి నీళ్లివ్వలేనివాళ్లు, చచ్చాక కాగితం అడుగుతారా?

పౌరసత్వానికి రుజువంటారా? 2018 నవంబరులో గుజరాత్ తీరంలో వేటకెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కారు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికొచ్చారు. భారతీయులనేగా జైల్లో పెట్టారు? పాకిస్తాన్‌కే రాని అనుమానం మనవాళ్లకు వస్తే ఎలాగండీ?

బీహార్ ముసాయిదాలో 65 లక్షల పేర్లు లేచిపోయాయి. చెప్పిన కారణాలు మూడే. చనిపోయారు, వలసపోయారో దొరకలేదో, రెండుచోట్ల ఉన్నారు. చొరబాటుదారులని ఊదరగొట్టారే, ఆ మూడు గడుల్లో ‘విదేశీయుడు’ ఏడీ?

2025 అక్టోబరు 27న ఈ ప్రక్షాళన రెండో విడతకు 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు ప్రకటించారు. అందులో ఆంధ్రప్రదేశ్ లేదు. హమ్మయ్య అనుకున్నారా? తమిళనాడు ఉంది, అండమాన్ ఉంది. మనవాళ్లు పొట్ట చేతపట్టుకు పోయేది అక్కడికే. పలాసలో రైలెక్కితే ‘వలసపోయాడు’ అని ఇక్కడ కొట్టేస్తారు. చెన్నైలో దిగితే ‘ఇక్కడివాడివి కాదు’ అంటారు. మరి రైలుపెట్టెలో వేయాలా ఓటు?

చనిపోయినవాళ్ల పేర్లు తీసెయ్యండి, ఎవరొద్దన్నారు? దొంగ ఓట్లూ ఏరెయ్యండి. కానీ 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో ఏం జరిగింది? పేరు తీసెయ్యమనే ఫారం-7లు లక్షల్లో పడ్డాయి. బతికున్నవాళ్ల పేర్లే తీసెయ్యమన్నారు. అవతలి పార్టీయే చేసిందని ఒకరినొకరు వేలెత్తి చూపించుకున్నారు. ఓటరు మాత్రం ఆఫీసు చుట్టూ తిరిగాడు.

జీడిపిక్కలు కొట్టే అప్పనడిగితే ఒక్క ముక్కలో తేల్చేస్తుంది: ‘ఓటడగనొచ్చినప్పుడు లేని అనుమానం ఇప్పుడేటి బాబూ?’

కోర్టు 30 ఏళ్ల కిందటే చెప్పింది. 1995లో లాల్‌బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు అన్నదిదే: జాబితాలో పేరుంటే సరిగ్గానే చేరిందనుకోవాలి, కాదన్నవాళ్లే నిరూపించాలి. అనుమానం మీదా? రుజువు కూడా మీరే తెండి. అప్పచేతి జీడిమరక చూశాక కూడా ఈ దేశపు మనిషని నమ్మకం కుదరకపోతే, లోపం ఆమె పెట్టెలో లేదు.