పాస్‌వర్డు సూత్రం: టీకా తాత్పర్యం

మూలం

పాస్‌వర్డ్ రిక్విజిట్ పామ్_పీడబ్ల్యూక్వాలిటీ.ఎస్‌ఓ రీట్రై=3 మిన్‌లెన్=10 డీక్రెడిట్=-1 యూక్రెడిట్=-1

అవతారిక

పూర్వం యూనిక్స్ యంత్రాల్లో లాగిన్ కోరే ప్రతి ప్రోగ్రామూ కాపలా పని తానే చూసుకునేది గనుక, కాపలా పద్ధతి మార్చాలంటే ప్రోగ్రాములన్నిటినీ తిరగరాయవలసి వచ్చేది. ఆ బెడద తప్పించడానికి విపిన్ సామర్, రోలండ్ షెమర్స్ 1995 అక్టోబరులో రాసిన ప్రతిపాదనలో కాపలా అంతా 'పామ్' అనే ఏర్పాటు కింద విడి మాడ్యూళ్లకు అప్పగించారు. లినక్స్‌లో ఏ మాడ్యూలు ఎప్పుడు పలకాలో చెప్పే ఫైళ్లు పామ్.డి డైరెక్టరీలో ఉంటాయి. ప్రస్తుత సూత్రం అక్కడిదే.

టీక

పాస్‌వర్డ్ = పాస్‌వర్డు మార్చుకునే వేళ (లోపలికి వచ్చే వేళను చూసేది 'ఆథ్' అనే వేరొక ప్రకరణం); పామ్_పీడబ్ల్యూక్వాలిటీ.ఎస్‌ఓ = కొత్త పాస్‌వర్డు గట్టిదనాన్ని తూచే మాడ్యూలు; రీట్రై=3 = మూడు మార్ల దాకా అడిగి; మిన్‌లెన్=10 = పదికి తగ్గని నిడివి; రిక్విజిట్ = తప్పితే తక్షణమే వెనక్కి.

ఈ చివరి పదానికి 'రిక్వైర్డ్' అనే దాయాది ఉంది. వేంసూరు అనే ఊరి వైపు అడవి సరిహద్దులో పర్మిట్ లేని టేకు లారీని ఊహిస్తే, రిక్విజిట్ దానిని మొదటి చెక్‌పోస్టులోనే తిప్పి పంపుతుంది. రిక్వైర్డ్ మాత్రం గేట్లన్నీ తిప్పి, తనిఖీలన్నీ చేయించి, ఏ గేటు దగ్గర పని చెడిందో దొంగకు తెలియకుండా చివరన కాదంటుంది.

వ్యాకరణ విశేషం

డీక్రెడిట్, యూక్రెడిట్‌లలో క్రెడిట్ అంటే అప్పు, 1కి ముందున్నది ఋణ చిహ్నం, అదీ అప్పే. అయినా రెండు అప్పులు కలిసి ఇక్కడ 'ఒకటైనా ఉండి తీరాలి' అనే అర్థాన్ని ఇవ్వడం శాస్త్రకారుల నిరంకుశత్వం. డీ అంకెకు, యూ క్యాపిటల్ అక్షరానికి సంకేతాలు.

తాత్పర్యం

పాస్‌వర్డు మార్చుకోగోరినవాడు పది అక్షరాలకు తగ్గకుండా, ఒక అంకె, ఒక క్యాపిటల్ అక్షరం కలిపి, మూడు ప్రయత్నాల్లో చెప్పాలి.

ఆక్షేపం

తెలుగు లిపిలో చిన్నా పెద్దా అక్షరాల భేదం లేదు. కాబట్టి అచ్చ తెలుగులో ఎంత పొడుగు వాక్యం పెట్టుకున్నా సూత్రం దానిని తోసిపుచ్చుతుంది. అదే వేంసూరు పేరును ఇంగ్లీషులో మొదటి అక్షరం పెద్దది చేసి రాసి, వెనుక ఎట్ గుర్తు, 123 తగిలిస్తే పదకొండు అక్షరాలై లెక్కకు చక్కగా సరిపోతుంది; అది ఊళ్లో ఎవరైనా మొదట ఊహించేదే కావడం సూత్రానికి పట్టదు. ఇలాంటి అక్షర నియమాలు విధించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పినా, ఈ పాఠం ఇంకా పారాయణంలో ఉంది.

పాఠాంతరం

చివర 'ఎన్‌ఫోర్స్_ఫర్_రూట్' అని చేర్చిన ప్రతులున్నాయి. ఆ మాట లేని పాఠంలో యంత్రానికి సర్వాధికారి అయిన రూట్ 1234 అని పెట్టుకున్నా, మాడ్యూలు ఒకసారి గొణిగి ఊరుకుంటుంది.