ముందు ల్యాబుకు తాళం వేయండి

మ్యాపింగ్ నేర్పే మాస్టర్లకు నా మొదటి సలహా: తొలి వారం పటాలు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేరు తెరవనివ్వకండి. తలకిందుల మాటే. అయినా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇదే సరైన వరుస.

మొదటి ఏడాది ముగిసిన డిగ్రీ పిల్లలకు రాష్ట్ర ఉన్నత విద్యామండలి 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టింది. ఆ గంటలు ఇంటింటా ఫారాలు నింపించడానికి తగలేయకండి. మండలమంతా గీయించాలన్న ఆశా వద్దు. సాగర్ కుడికాలువ మేజరు కింద ఒక్క పిల్లకాలువ చాలు. తూము దగ్గర మొదలుపెట్టి చివరి చేను దాకా నడిపించండి, కాలువ నీళ్ళు చూసే లస్కరును బతిమాలి వెంట తీసుకెళ్ళండి. ఏ తలుపు మూతపడదో, ఎక్కడ రాత్రిళ్ళు గండి కొడతారో ఆయనకు తెలిసినంత ఏ శాటిలైటుకూ తెలియదు. మండుటెండలని వాయిదా వేయకండి. కాలువ ఎండితేనే పగిలిన లైనింగూ, పూడికా, తూటికాడ దుబ్బులూ కళ్ళకు కడతాయి. డొంకల సంగతి మాత్రం ముసలివాళ్ళను అడగాలి. నల్లరేగడిలో నాలుగు చినుకులు పడితే పత్తి ట్రాక్టరు ఎక్కడ దిగబడుతుందో మే నెలలో కనిపించదు.

రెండో వారం ఫోన్లు తీయించండి, కానీ వాటిని నమ్మొద్దని చెప్పి మరీ. ఆరుబయట కూడా ఫోను చూపే చోటు దాదాపు 5 మీటర్లు అటూ ఇటూ అవుతుంది. పిల్లకాలువ వెడల్పు అంత ఉండదు. అందుకే గట్లు గీయించకండి. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేకు కచ్చితంగా కొలిచే రోవర్లు వాడింది ఆ తేడా రాకూడదనే. గట్టు తగాదాలోకి పంతొమ్మిదేళ్ళ పిల్లను నెట్టడం అన్యాయం.

తెచ్చిందంతా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఎక్కించనివ్వకండి. అది 2004 నుంచీ ప్రపంచమంతటికీ తెరిచి ఉన్న పటం. డొంక పేరు ఊళ్ళో పిలిచినట్టే తెలుగులో రాయించండి, తూములు పెట్టించండి. కౌలు ఎవరు చేస్తున్నారో, ఎవరి బోరు ఎంత లోతో మాత్రం నోటుపుస్తకం దాటకూడదు. కౌలుకాగితం లేని మనిషికి ఆ ఒక్క చుక్కతో చేను పోవచ్చు.

మార్కులు మీరొక్కరే వేయకండి. పటాన్ని పెద్దగా అచ్చువేసి రచ్చబండ మీద పరిచి, చివరి భూముల రైతుల చేత తప్పులు దిద్దించండి. ఎక్కువ దిద్దుళ్ళు పడ్డ పటానికి ఎక్కువ మార్కులివ్వండి, ఎక్కువమంది దాన్ని చదివినట్టే కదా. దిద్దిన కాపీ కాలేజీ బీరువాలో కాదు, సాగర్ నీళ్ళు వదిలేలోపే ఇరిగేషన్ ఏఈ బల్ల మీద ఉండాలి.